లోపల చాలా ఉన్న లెన్సు

అందరూ పప్పులో కాలేస్తారు. వెంటనే తీసి, కడుక్కుని వెళ్లిపోతారు. నేను మాత్రం పప్పులో కాలేసి, అది పప్పని తెలియక, అబ్బ, ఎంత వెచ్చటి సరస్సు అనుకుని మూడు నెలలు ఈత కొట్టాను. ఒక్కదాన్నే ఈదితే ఆ సంగతి మా ఇంట్లోనే ఉండిపోయేది. పాపం, ఒక పెద్దమనిషిని కూడా చెయ్యి పట్టుకుని అందులోకి దింపాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మునక గురించే.

ముందే ఒక విషయం ఒప్పుకుంటే నాకూ బరువు దిగుతుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. అందులోనూ నాకు పేరు తెచ్చిన పాఠం కాంతి. అద్దాలు, కటకాలు, కిరణాలు. తొంభైమంది పిల్లల ముందు బోర్డు మీద లెన్సు బొమ్మ గీసి, "చూశారా, కిరణం ఇక్కడ వంగింది, ఇక్కడ కలిసింది. లెన్సుకు అబద్ధం చెప్పడం రాదు" అని గుళ్లో గంట కొట్టినట్టు చెప్పేదాన్ని. అలాంటి నేను ఒక లెన్సు దగ్గర బోల్తా పడ్డాను. ఈత నేర్పే గురువు బకెట్లో మునిగినట్టు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. మాది తెనాలి. నా చిన్నప్పుడే నాన్న ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి కొత్తపేటలో ఒక మేడ మీద అద్దెకు దిగాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. వానాకాలం వచ్చిందంటే ఆ మేడ పిట్టగోడ నిండా నాచు పడుతుంది. ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ, నిద్రమత్తులో ఆ గోడ మీదికి వాలాను. ముక్కు నాచుకు తగిలేంత దగ్గర. ఆకుపచ్చటి బుల్లి కాడలు వందలూ వేలూ నిలబడి ఉన్నాయి. ఒక్కో కాడ కొన మీద ఒక్కో నీటిచుక్క. ఆ చుక్కలోకి చూశాను. అందులో కొత్తపేట మొత్తం తలకిందులుగా ఉంది. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన చీరలు, మెట్రో లైను, దాని మీద ఒక రైలు. పెసరగింజంత చుక్కలో రైలు! నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయాను. కాసేపటికి తలెత్తితే, సరూర్‌నగర్ చెరువు వైపు మబ్బులు నీళ్ల మీదికి వంగి, ఎవరో పెద్ద దుప్పటి మెల్లగా పరుస్తున్నట్టు ఉంది.

నాకు ఆ చుక్కా కావాలి, ఆ మబ్బూ కావాలి అనిపించింది. ఫోటో తీయాలి. రెండూ తీయాలి. పక్కవాళ్ల గోడ మీద ఉన్న పిల్లి నన్ను చూసి ఆవలించింది. శకునాలు చదవడం నాకు రాదు.

కెమెరా ఉంది. పెళ్లయ్యాక ఫోటోలు తీయడం మానేసిన మా అన్నయ్య నాకిచ్చేశాడు. లెన్సే లేదు. ఉన్నది ఎప్పుడో కింద పడి పగిలింది. సరే, కొందామని చూస్తే తెలిసింది, చుక్కలు తీసే లెన్సు వేరట, మబ్బులు తీసే లెన్సు వేరట. మొదటిదాన్ని మాక్రో అంటారు, చీమ మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. రెండోది వెడల్పు లెన్సు, చెరువూ ఆకాశమూ ఒకేసారి పడతాయి. మొదటిది కొంటే మూడు నెలలు పస్తులుండాలి. రెండోది కూడా కొంటే ఇక తినే అవసరమే ఉండదు.

ఇంటర్నెట్‌లో సలహాలు వెతికాను. ఒకాయన, ఉన్న లెన్సునే తిరగేసి బిగించుకోమన్నాడు. ఇంకొకాయన మధ్యలో గొట్టాలు పెట్టుకోమన్నాడు. మూడో ఆయన, ఇలాంటి పిసినారులు ఫోటోగ్రఫీ జోలికి రాకూడదన్నాడు. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం మొదలుపెట్టాక నేను నెమ్మదిగా తప్పుకున్నాను.

"రెండు పనులకీ పనికొచ్చే లెన్సు ఒక్కటి, చవగ్గా దొరికితే చాలమ్మా" అన్నాను అమ్మతో.

అమ్మ పులుసు కలుపుతోంది. "ఇదిగో, ఈ గరిటె ఉంది కదా. దీంతోనే పులుసూ కలుపుతా, పాయసమూ కలుపుతా అంటే కుదురుతుందిటే? మధ్యలో కడుక్కోవద్దూ?" అంది.

గరిటెకూ కటకానికీ తేడా తెలియని అమాయకురాలు అనుకుని నవ్వుకున్నాను.

మలక్‌పేటలో ఒక సందులో పాత కెమెరాలు బాగుచేసే జహీర్ భాయ్ దుకాణం ఉంది. అరవై ఏళ్ల మనిషి. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్లతో దానికి మాటల్లేనట్టు. చుట్టూ అరల్లో ముసలి కెమెరాలు, పెన్షనర్లు పార్కులో కూర్చున్నట్టు కూర్చుని ఉంటాయి.

"భాయ్, దగ్గరివీ తీయాలి, దూరానివీ తీయాలి. చీమ మీసాలు రావాలి, చెరువు మీద మబ్బంతా రావాలి. ధర మాత్రం నాకు అందాలి" అన్నాను.

"మేడం, మీకు లెన్సు కాదు, దువా కావాలె" అన్నాడాయన, ప్రార్థనకు ఎత్తినట్టు రెండు చేతులూ పైకెత్తి.

అయినా దయగల మనిషి. కింది అరలోంచి ఒక లెన్సు తీసి గల్లా మీద పెట్టాడు. బరువైనది, నల్లటిది. తిప్పితే వెడల్పు నుంచి దగ్గరిదాకా వస్తుంది. అంచు మీద పసుప్పచ్చటి అక్షరాలతో మాక్రో అని రాసి ఉంది. పెళ్లిచూపుల్లో తలెత్తగానే అబ్బాయి నచ్చేసినట్టు నచ్చేసింది. ధర కూడా నా జీతంలో పదోవంతు. అంత చవగ్గా ఎందుకిస్తున్నాడని అడగాల్సింది. పెళ్లిచూపుల్లోనూ అలాంటివి అడగం కదా.

"లేకిన్ మేడం, ఒక్క మాట. మళ్ల నన్ను అనొద్దు. లోపల జాలా ఉంది" అన్నాడు జహీర్ భాయ్.

నాకు వినపడింది: లోపల చాలా ఉంది.

"తెలుసు భాయ్. చూడగానే తెలిసింది. అందుకే నచ్చింది" అన్నాను.

ఆయన కళ్లజోడు మొదటిసారి కళ్ల మీదికి దిగింది. "జాలా ఉందని నచ్చిందా?"

"చాలా ఉండబట్టే కదా దగ్గరా దూరమూ రెండూ వస్తాయి!"

"అట్ల రాదు మేడం. ఒక వారం ఆగుండ్రి. ఖోల్‌కే, లోపలంత సఫా చేసి ఇస్తా."

"వద్దు భాయ్! ఉన్నది ఉన్నట్టే ఇచ్చేయండి. లోపలిది ఏదీ తీయొద్దు."

ఆయన నన్నొకసారి చూసి, పైకప్పునొకసారి చూసి, "అచ్ఛా. మీ మర్జీ" అని పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చాడు.

ఉర్దూ వచ్చిన పాఠకులు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. రానివాళ్లు నా వైపువాళ్లు, దగ్గరికి రండి, చెవిలో చెబుతాను. జాలా అంటే బూజు. సాలెగూడు. కెమెరాలవాళ్లు అలా అంటే, చెమ్మ తగిలి లెన్సు లోపలి గాజు మీద పాకిన ఫంగస్ అని. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో పెరిగాను. పరేషాన్ తెలుసు, జర తెలుసు, దవాఖాన తెలుసు. జాలా నా సిలబస్‌లో లేదు.

మర్నాడు తెల్లవారుతూనే సరూర్‌నగర్ చెరువు దగ్గరికి వెళ్లాను. మొదటి ఫోటో తీసి వెనక తెరలో చూసుకుని గుండె ఆగినంత పనైంది. నీళ్లెక్కడ ముగిశాయో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియలేదు. ఒడ్డున నడుస్తున్న మనుషులు పాలల్లో తేలిపోతున్నారు. దీపస్తంభాలకు ఒక్కోదానికీ ఒక్కో చంద్రుడు మొలిచాడు. రాయి మీద నిలబడ్డ కొంగ అంచులు కరిగి, రెక్కలు విప్పకుండానే వెలుగులోకి ఎగిరిపోతోంది. నేనూ ఎగిరిపోయాను. ఆ మూడు నెలలూ నేల మీద నడిచిన గుర్తు లేదు.

ఎల్బీనగర్ వెళ్లి చౌరస్తాలో ఫ్లై ఓవర్లు తీశాను. మబ్బుల్లోకి వేసిన వంతెనల్లా వచ్చాయి. వాటి మీద బస్సులు పడవల్లా తేలుతూ ఎవరినో కలల్లోంచి కలల్లోకి చేరవేస్తున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల కింద పూలమ్మే ఆవిడను తీస్తే, బంతిపూల గంప లోపలినుంచి దీపంలా వెలిగింది. లోకమంతా ఎవరో ఊపిరి ఊది పలచటి ముసుగు కప్పినట్టు ఉండేది. నిజం లోకం అదేననీ, మనం మామూలు కళ్లతో చూస్తున్నది దాని నకలనీ నమ్మే స్థితికి వచ్చాను.

"ఏమిటే ఇది?" అంది అమ్మ, ఫోన్లో ఫోటోలు చూస్తూ. "మిట్టమధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ మంచేమిటి? అరకులో ఉన్నట్టుంది."

"అది మంచు కాదమ్మా. నా చూపు."

"అయితే కళ్ల డాక్టరుకి చూపించుకో. ఇప్పుడే చెబుతున్నా."

నేను పట్టిన కుందేలుకు మూడు కాళ్లేమిటి, అసలు కాళ్లే లేవు, తేలుతోంది.

ఇక్కడ యాదగిరి సార్ గురించి చెప్పాలి. మా సెంటర్లో బోటనీ చెప్పేవారు. నల్గొండ దగ్గర పల్లె ఆయనది. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో దారం కట్టిన చిన్న భూతద్దం. కుర్రతనంలో యూనివర్సిటీలో రీసెర్చ్‌లో చేరి, ఇంటి బరువు మీద పడి రెండేళ్లకే మానేశారు. ఆ తర్వాత ఇరవై అయిదేళ్లుగా అవే పాఠాలు చెబుతూ, ఆదివారాలు మాత్రం గుట్టలూ వాగులూ పట్టుకుని తిరిగేవారు.

"లోకంల ఉన్న మొక్కలన్నిటికీ పేర్లు పెట్టేసిన్రు మేడం" అన్నారు ఒకసారి టీ తాగుతూ. "ఒక్కటన్న నాకోసం మిగిలి ఉంటదా అని చూస్తున్న. దొరికితే మా అమ్మ పేరు పెడ్త. లచ్చమ్మ. చేన్ల కలుపు తీసుకుంట నాకు మొక్కల పేర్లన్నీ ఆమెనే చెప్పింది. బడికి పోలే."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారో నాకు అంత లోతుగా దిగింది. దిగింది కాబట్టే తర్వాత జరిగినదానికి నాకు శిక్ష ఎక్కువ పడింది.

ఆ రోజుల్లోనే నేను కొత్త విద్య ఒకటి చదివాను. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే దగ్గరా దూరమూ అంతా తేటగా వస్తుందని. చదవడమేమిటి, అది నేను పాఠం చెప్పేదే! వెంటనే రంధ్రాన్ని చివరిదాకా మూసి, పిట్టగోడ మీద నాచును తీశాను. తీసి చూద్దును కదా, నాచు పైన కుడివైపు మూలగా ఏదో ఉంది. సన్నటి బూడిదరంగు నూలుపోగులు, ఒక కాడ నుంచి చీలి, చీలిందాని నుంచి మళ్లీ చీలి, నెమలీకలా విచ్చుకుని ఉన్నాయి. రంధ్రం చిన్నదైతే బయటి దృశ్యంతో పాటు లెన్సు లోపల ఉన్నది కూడా తేటపడుతుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. తొంభైమందికి చెప్పేది ఒకటి, తనకు తట్టేది ఒకటి.

స్టాఫ్ రూములో యాదగిరి సార్‌కు చూపించాను. ఆయన టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"గిదేంది మేడం?"

"నాచు సార్."

"నాచు నాకు తెల్వదా? దాని మీద గిదేంది అంటున్న."

"మీరే చెప్పాలి సార్."

ఆయన ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. పెద్దది చేశారు, చిన్నది చేశారు. టీ చల్లారింది, గంట కొట్టారు, పిల్లలు క్లాసులో అరుస్తున్నారు. ఆయన కదల్లేదు. "ఇంత ఏండ్లల్ల నాచు మీద ఇసొంటిది నేను చూడలే" అన్నారు చివరికి, చాలా మెల్లగా, గట్టిగా అంటే అది ఎగిరిపోతుందేమో అన్నట్టు.

ఆదివారం మా మేడ మీదికి వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం కంటికి ఆనించి, పిట్టగోడను ఈ చివరనుంచి ఆ చివరిదాకా రెండు గంటలు జల్లెడ పట్టారు.

"ఎవరే ఆయన? గోడకి ముద్దులు పెడుతున్నాడు" అంది అమ్మ, కాఫీ గ్లాసుతో మెట్ల మీద ఆగిపోయి.

"బోటనీ సారమ్మా. కొత్త మొక్క కనిపెడుతున్నారు."

"మన అద్దె ఇంట్లోనా? ఇంటాయనకి తెలిస్తే అద్దె పెంచుతాడు. గట్టిగా అనకు."

ఎంత వెతికినా గోడ మీద అది దొరకలేదు. యాదగిరి సార్ మోకాళ్లు పట్టుకుని లేచారు. మొహం వాడిపోయింది. ఆ వాడిన మొహం చూసి నేను ఊరుకోవచ్చు కదా! నా శాస్త్రం ముందుకు దూకింది.

"సార్, అది గాజులాగా పారదర్శకం అయ్యుంటుంది. కాంతి ఒక కోణంలో పడితేనే కనపడుతుంది. కంటికి దొరకదు, లెన్సుకే దొరుకుతుంది" అని చెప్పి, గోడను ఇంకో చోట తీశాను.

వచ్చింది! మల్లె ఆకు తీశాను. వచ్చింది! ఇటుక తీశాను. వచ్చింది! వంటింట్లోకి పరిగెత్తి కొత్తిమీర కట్ట తీశాను. వచ్చింది! అమ్మ ఆ కట్టను, దానితో పాటు పక్కనున్న కరివేపాకును కూడా బయట పారేసి చేతులు రెండుసార్లు కడుక్కుంది.

"అన్నిటి మీద ఒస్తున్నది మేడం!" అని యాదగిరి సార్ మేడ మీద చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తిరిగారు. "గట్టి జాతి. ఇది మన మధ్యలనే ఉంది, మనకే కండ్లు లెవ్వు."

ప్రతి ఫోటోలోనూ అది సరిగ్గా పైన కుడి మూలకే వస్తోందని నేను గమనించకపోలేదు. గమనించాను. నా చెయ్యి ఎంత లయబద్ధంగా ఫ్రేమ్ కడుతోందో కదా అని మురిసిపోయాను.

తర్వాతి రెండు వారాలు యాదగిరి సార్ మారిపోయారు. చొక్కా ఇస్త్రీ పదునుగా ఉండేది. కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటే పక్క క్లాసులో ఉన్న నాకు పద్యం పాడుతున్నట్టు వినపడేది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అన్నారు.

"మా అమ్మకు ఫోన్ల చెప్పిన మేడం. నీ పేరు మీద ఒక మొక్క ఒస్తదే అని. ఏమన్నదో ఎర్కనా? 'కూరకు పనికొస్తదా, మందుకు పనికొస్తదా' అన్నది. రెండిటికీ రాదు, పుస్తకంల ఉంటదని చెప్పిన. మళ్ల, 'పుస్తకంల నా పేరా?' అని అడిగింది."

ఆ మాట చెబుతూ ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. నేనూ చూశాను. నాకు దిల్‌సుఖ్‌నగర్ మొత్తం లెన్సు లేకుండానే మసకగా కనపడింది.

యూనివర్సిటీలో ఆయనతో పాటు రీసెర్చ్‌లో చేరిన ఆవిడ ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్. అప్పట్లో పక్క బల్ల మీద కూర్చునేదట. ఆవిడ ఉండిపోయింది, ఈయన వచ్చేశారు. ఆవిడకే చూపిద్దామన్నారు. మొక్క దొరికిన పరిసరాలు కూడా చూపించాలంటే, నాచు, ఆకు, ఇటుక, కొత్తిమీర ఫోటోలతో పాటు, అదే లెన్సుతో అదే రంధ్రంతో మళ్లీ తీసిన చెరువు ఫోటో, ఎల్బీనగర్ ఫోటో కూడా పెద్దవిగా ప్రింటు వేయించాను. దగ్గరివీ దూరానివీ ఒకే లెన్సుతో! ఒకే దెబ్బకు రెండు పిట్టలు. దెబ్బ ఎవరికి తగలబోతోందో పిట్టలకు ముందే తెలిసినట్టుంది, అవి హాయిగా ఉన్నాయి.

"యాదగిరీ! ఎన్నేండ్లకు!" అని ప్రొఫెసరమ్మ లేచి నిలబడింది. నెరిసిన జుట్టు, నూలు చీర, నవ్వే కళ్లు. యాదగిరి సార్ కుర్చీ అంచున కూర్చుని ఫైలు విప్పారు. ఆవిడ ఫోటోలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కోదాని మీదా భూతద్దం నడిపింది. చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చింది.

"ఇది గోడ మీద పెరుగుతదా?" అని అడిగింది.

"పెరుగుతది" అన్నారు యాదగిరి సార్.

"మల్లె ఆకు మీద?"

"పెరుగుతది."

"ఇటుక మీద? కొత్తిమీర మీద?"

"అన్నిటి మీద పెరుగుతది. గట్టి జాతి" అన్నారాయన, గొంతులో గర్వం దాచుకోలేక.

ఆవిడ చెరువు ఫోటో తీసి మా ముందుకు జరిపింది. పైన కుడి మూల వేలు పెట్టింది. "మరి ఆకాశంల గూడ పెరుగుతదా, యాదగిరీ?"

చూశాం. సరూర్‌నగర్ చెరువు మీద, తెల్లటి ఆకాశంలో, అదే ఈక. అవే కొమ్మలు, అవే చీలికలు. ఒడ్డున ఉన్న చెట్లకంటే పెద్దది. నేను దాన్ని ఇన్నాళ్లూ విరిగిన మబ్బుతునక అనుకున్నాను. ఎల్బీనగర్ ఫోటో చూశాం. ఫ్లై ఓవర్ పైన, రెండు బస్సులంత పొడవున, వేలాడుతోంది.

నా తలలో బోర్డు వెలిగింది. సుద్దముక్క దానంతట అదే కిరణాలు గీసుకుంటూ పోయింది. అన్నీ వచ్చి ఒకే చోట కలిశాయి, నా సంచీలో. లెన్సు బయటికి తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాను. వెనక గాజు లోపల, వెండి నెమలీక, ఎంతో అందంగా, తీరిగ్గా, కొమ్మలు చాపుకుని పడుకుని ఉంది.

ప్రొఫెసరమ్మ నవ్వు ఆపుకుందామని చాలా కష్టపడింది. భుజాలు మాత్రం మాట వినలేదు. చివరికి కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఫంగస్ మంచిగనే ఉంది. దాని అడ్రసే తప్పు రాసిన్రు" అంది.

తిరిగి మెట్రోలో వస్తుంటే యాదగిరి సార్ ఫైలు ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. బయట సన్నటి వాన. మేడలూ మసీదుల మీనార్లూ తడిసి, ఒకదాంట్లోకి ఒకటి కరుగుతూ వెనక్కి పోతున్నాయి. ఇంకో రోజైతే కెమెరా తీసేదాన్ని.

"సార్, తప్పు నాదే" అన్నాను.

"అది కాదు మేడం. అమ్మకేం చెప్పాలె అని చూస్తున్న" అన్నారు.

నాకు రైలు కింద మూసీలో దిగిపోవాలనిపించింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి జహీర్ భాయ్‌ని తిట్టడం మొదలుపెట్టాను. "ఆయనే ముంచాడు సార్. ఇందులో చాలా ఉంది, చాలా ఉంది అని పొగిడి మరీ అమ్మాడు."

సార్ తల ఇటు తిరిగింది. "ఏమని?"

"లోపల చాలా ఉంది అని."

"సరిగ్గ యాది చేస్కోండ్రి. చాలా అన్నడా? జాలా అన్నడా?"

"ఏమో సార్. జాలా అంటే?"

"బూజు మేడం!"

"సఫా చేసి ఇస్తానన్నాడు సార్" అన్నాను, పాతాళం నుంచి.

"మీరేమన్నరు?"

"లోపలిది ఏదీ తీయొద్దన్నాను."

ముందు ఆయన మీసం వణికింది. తర్వాత ఒళ్లో ఫైలు వణికింది. తర్వాత యాదగిరి సార్ సీటు పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేలా, బోగీ మొత్తం తిరిగి చూసేలా నవ్వారు. నవ్వుతూనే ఊరికి ఫోను కలిపారు. "అమ్మా, గది మొక్క కాదే. బూజు... ఆఁ, బూజే... ఇంట్ల కాదు, కెమెరాల" అని చెప్పి, అవతలి మాట విని మళ్లీ నవ్వులో పడిపోయారు.

"ఏమన్నారు సార్ అమ్మ?"

"'బూజు దులపనీకె యూనివర్సిటీ దాక పోయినవా బిడ్డా' అంటున్నది. పుస్తకంల పేరు లేకున్నా మంచిదేనట. ఈసారి కూరకు పనికొచ్చేది దొరకబట్టమన్నది." కళ్లు తుడుచుకుని, "మా అమ్మ పేరు బూజుకు పెట్టలే, అదే నయం మేడం. మీ పేరైతే పెట్టొచ్చు" అన్నారు.

హాస్యానికి అన్నారనుకున్నాను. సోమవారం ఆ లెన్సు నాకివ్వండని అడిగి తీసుకున్నారు. ఇచ్చేశాను. శనివారం బోటనీ ల్యాబు ముందునుంచి వెళ్తుంటే లోపల పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. తొంగి చూశాను. అరలో, పుట్టగొడుగుల సీసా పక్కన, గాజుమూత కింద నా లెన్సు రాణిలా కూర్చుని ఉంది. కింద యాదగిరి సార్ గుండ్రటి చేతిరాతతో ఒక చీటీ:

పేరు: శ్రావణి ఫంగస్. ఆవాసం: కటకం లోపల. వ్యాప్తి: గోడ, ఆకు, ఇటుక, కొత్తిమీర, ఆకాశం. ఆహారం: ఫిజిక్స్ మేడం జీతం.

అన్నట్టు, నా పేరు శ్రావణి.

కాబట్టి పాఠకులారా, కుంభాకార, పుటాకార కటకాల సాక్షిగా, పతన కిరణం సాక్షిగా, మీ అందరి ముందూ చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. నేనిక ఈ జన్మలో కొత్త జాతిని దేన్నీ కనిపెట్టను. ఒకవేళ పొరపాటున ఆకాశంలో ఏదైనా మొలిచినట్టు కనబడితే, ఎవరినీ పిలవకుండా, నోరు మూసుకుని, ముందు నా సంచీ వెతుక్కుంటాను.